కావలి గదిలోంచి పిలుపు

బహ్రెయిన్ దక్షిణ జిల్లాలో ఆ కావలి గది పేరెత్తితే ట్యాంకర్ డ్రైవర్లు మాట మార్చేస్తారు.

మ్యాపులో ఆ జిల్లా దేశంలో సగానికి పైగా ఉంటుంది. ఈసా టౌను, రిఫా లాంటి ఊళ్లు పైఅంచునే ఆగిపోతాయి. అవి దాటి కిందికి దిగితే గొట్టాలు, కంచెలు, ఇసుక... మనిషి అలికిడి ఉండదు. అలాంటి చోట ఎప్పుడో కట్టి వదిలేసిన ఒంటి గది అది. చీకటి పడ్డాక అందులోంచి ఎవరో తెలుగులో పిలుస్తారని చెప్పుకుంటారు.

ముత్యం నమ్మలేదు. జగిత్యాల నుంచి వచ్చి రోడ్ల పనిలో కుదిరినవాడు. దెయ్యాల కన్నా మనుషుల మీదే అతనికి అనుమానం ఎక్కువ.

ఆ చలికాలం అటువైపు, చిరునామాల్లో రాసే బ్లాకు నంబర్ల బోర్డులు పాతే పని పడింది. ఇల్లే లేని చోట నంబరెందుకని ముత్యం అడిగితే, "సర్కారు లెక్కల ఖాళీ జాగ ఉండదు భాయ్," అని నవ్వాడు డ్రైవర్ ఇజాజ్. హైదరాబాదువాడు.

చివరి బోర్డు నిలబెట్టేసరికి పొద్దు గుంకింది. గది కూతవేటు దూరంలో ఉంది. గాలి ఆగింది... అప్పుడు వినిపించింది.

"అన్నా... ఇటు రా—"

ముత్యం పార కింద పెట్టి గది వైపు తిరిగాడు. ఇజాజ్ పెదాలు కదులుతున్నాయి, ఏదో దువా చదువుతున్నాడు.

"ఇన్నవా?" అన్నాడు ముత్యం.

"బండెక్కు," అన్నాడు ఇజాజ్ గుసగుసగా. "మనం అటు పోంగనే బండి ఎత్తుకపోతరు. ఎవడో పన్నిన పన్నాగం ఇది."

వీడికెందుకింత తొందర, అనుకున్నాడు ముత్యం. రోజూ ఈ దారిన తిరిగేది వీడే. దెయ్యం పేరు చెప్పి జనాన్ని దూరంగా ఉంచేదీ వీడేనేమో... గదిలో ఏం దాచాడో.

"బండి తాళాలు నాకియ్యి," అన్నాడు ముత్యం.

ఇజాజ్ అతని మొహంలోకి చూశాడు. తాళాలు చేతిలో పెట్టాడు.

"నేనూ వస్త. ఒక్కనివి పోకు."

మళ్లీ పిలుపు. ఈసారి ఇంకా సన్నగా—

తలుపు లేని గుమ్మంలోంచి ముత్యం ఫోను లైటు వేశాడు. పైకప్పు సగం కూలి ఉంది. పెళ్లల కింద... ఒక పాదం.

అది కదిలింది.

ఇద్దరూ పెళ్లలు ఎత్తి పక్కన పడేశారు. మనిషి బతికే ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, కాలు వంకర పోయింది. ఇజాజ్ అంబులెన్సుకు ఫోను చేస్తే బ్లాకు, రోడ్డు, ఇంటి నంబరు అడిగారు. "ఇల్లు లేదు సార్, ఎడారి," అంటుండగానే సిగ్నల్ పోయింది. ఇక ఆగకుండా టార్పాలిన్ మీద పడుకోబెట్టి రిఫా ఆస్పత్రికి తీసుకెళ్లారు. దారి పొడుగునా ఇజాజ్ ఆ మనిషి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ముత్యం అతన్ని అనుమానించినందుకు సిగ్గుపడుతూ బండి నడిపాడు.

నాలుగు రోజులకు చూడబోతే అతను లేచి కూర్చున్నాడు. పేరు గంగాప్రసాద్, నిర్మల్ దిక్కు. ఎడారి డేరాల్లో మేకలు కాస్తాడు. ముందురోజు రాత్రి ఇంటికి ఫోను చేద్దామని సిగ్నల్ కోసం గది మీదికి ఎక్కితే కప్పు కూలింది.

"నువ్వు పిలువకపోతే మేం వాపస్ పోయేటోళ్లమే," అన్నాడు ముత్యం.

గంగాప్రసాద్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నేనెక్కడ పిలిచిన అన్నా? పొద్దుగాల్నే గొంతు పోయింది... నాలుక కదలలే. గోడ అవుతల నిలవడి ఎవరో పిలుస్తుంటే నేనూ విన్న. మీల ఒకరే అనుకున్న."