మట్టి తీసిందెవరు

“ఇంతకీ ఈ రీసెర్చ్ చేసిందెవరండీ?”

రెబెకా స్లైడ్ మార్చబోయి ఆగింది. “నేనే కదండీ!”

“మీ గైడ్ గారి దయ, ల్యాబ్ వాళ్ల సాయం, దేవుని కృప... ఇందాకటి నుంచి ఇవే విన్నాను. ఇలా చెప్తే ఉద్యోగం మీ గైడ్ గారికే ఇస్తారు.”

ఆమెకు ఒళ్లు మండింది. బెంజమిన్ గుడ్లవల్లేరులో లెక్చరరు. ఆమె ఇంటర్వ్యూ ప్రెజెంటేషన్ వినడానికి బందరులో వాళ్ల చర్చి పక్క గదికి వచ్చాడు. మెచ్చుకుంటాడనుకుంటే ఇదీ వరస.

“రెండు యూనివర్సిటీల్లో ఇలాగే పోయింది. ఇది కూడా పోతే పుణెలో ప్రైవేటు ఉద్యోగానికి వెళ్లిపోవాలి,” అందామె.

బెంజమిన్ నవ్వు ఆగిపోయింది. ఆమె పుణె వెళ్లడం అతనికి అస్సలు ఇష్టం లేదు. ఆ మాట ఇంతవరకూ పైకి అనలేదు.

“దివిసీమ పొలాల్లో ఉప్పు ఎంత లోతుకు దిగిందో చూడ్డానికి, మే నెల ఎండలో మట్టి తీసిందెవరు?”

“నేను. కానీ అలా చెప్పుకుంటే గర్వం కాదా?”

చిన్నప్పటి నుంచి ఆమె మైకు పట్టుకుంది చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికే. అక్కడ తన గొప్ప చెప్పుకోకూడదని పాస్టరైన తండ్రి రాజబాబు గారు నేర్పారు.

వాన మొదలైందని గొడుగు తెచ్చిన ఆయన, గుమ్మంలోనే ఆ మాట విన్నారు.

“సాక్ష్యమంటే జరిగింది ఉన్నదున్నట్టు చెప్పడమేనమ్మా. చేసిన పని దాచిపెడితే అదీ అబద్ధమే. నేను సగమే నేర్పినట్టున్నాను.”

రెబెకా కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి స్లైడుకి వెళ్లింది.

ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో ఆమె సాక్ష్యానికి లేచింది. “దేవునికి వందనాలు. కష్టపడింది మాత్రం నేనేనండీ,” అంది. అందరూ నవ్వారు, అందరికంటే ముందు రాజబాబు గారు.

బయట సన్నగా తుంపర. మెట్ల దగ్గర బెంజమిన్ నిలబడి ఉన్నాడు.

“బెంజమిన్ గారూ, మీరంటే నాకు ఇష్టం. ఇందులో ఎవరి సాయమూ లేదు.”

చేతిలో గొడుగు ఉన్న సంగతే మరిచిపోయి అతను తడుస్తూ నిలబడ్డాడు.

“నాకూ... ఎప్పటి నుంచో,” అన్నాడు చివరికి. “మీ నాన్నగారితో నేను మాట్లాడనా?”

“వద్దండీ,” అంది రెబెకా గొడుగు అందుకుంటూ. “అది కూడా నేనే చెప్తాను.”