బూడిదరంగు డబ్బాలో మాట

"నా పాఠాన్ని మింగేసింది మీరేనా?"

కత్తెర తలెత్తి చూశాడు. ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఇంజినీరు అతను. వెబ్ పేజీలకు ఎడాపెడా కోతలు పెడతాడని అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. ఎదురుగా నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డ అమ్మాయి కొత్తగా చేరిన ట్రైనర్.

"క్లాసులో అందరి ముందూ పేజీ తెరిచాను. వీడియో ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా. దాన్ని చూపించి ఏం పాఠం చెప్పమంటారు?"

"పేజీ మంచిదేనండీ. అందులో వేరే సైట్ల నుంచి తెచ్చి అతికించినవాటినే మా కాపలా ప్రోగ్రాము, ఫైర్‌వాల్, తీసేస్తుంది. వీడియోలు, చిన్న చిన్న ప్రోగ్రాములు... వాటి చాటున వైరస్‌లు వస్తుంటాయి."

"అంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని లోపలికి రమ్మని, చేతిసంచి మాత్రం గుమ్మంలోనే లాక్కుంటారన్నమాట."

"సంచిలో ఏముందో తెలియదు కదండీ."

ఆమెకు నవ్వొచ్చింది. కోపంగా వచ్చిన సంగతి గుర్తొచ్చి ఆపుకుంది. ఆ ఆపుకున్న నవ్వు దగ్గరే మనవాడు బోల్తా పడ్డాడు.

ఆమె పాఠాల సైట్‌ ఒక్కదానికి దారి వదిలాడు. ఆ తర్వాత ఏ చిన్న తేడా వచ్చినా ఆమె "కత్తెరగారూ" అంటూ వచ్చేది. తేడా రాని రోజున అతనికి ఏమీ తోచేది కాదు. టీ తాగుతూ ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. ఫైర్‌వాల్ గురించైతే గంటసేపు అనర్గళంగా చెప్పగలడు. మిగతా విషయాల్లో నీళ్లు నమలడమే.

అంతలో ఆమెకు వేరే ఊరి బ్రాంచిలో పెద్ద పోస్టు ఇస్తామన్నారు. వెళ్తుందో లేదో శుక్రవారం లోపల చెప్పాలి.

కత్తెర గుండెల్లో రాయి పడింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇంట్లో తలుపేసుకుని, తను చెప్పదలచుకున్నదంతా వీడియో తీశాడు. దాన్ని ఒక వీడియో సైట్‌లో పెట్టి, అక్కణ్నుంచి చిన్న పేజీలో అతికించి, పైన "మీకో మాట" అని రాసి, గురువారం పొద్దున ఆమెకు లింకు పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. "బాగుంది." పక్కనే నవ్వుతున్న బొమ్మ.

ఆ రోజంతా అతను ఆమె కంటపడకుండా తిరిగాడు. సాయంత్రం ఇంట్లో అక్క నిలదీసింది.

"ఏమందిరా?"

"బాగుందట."

"ప్రేమిస్తున్నానంటే బాగుందనడమేంట్రా? నువ్వేమన్నా కూర వండి రుచి చూపించావా?"

"జాలిపడి అలా అనుంటుందక్కా. ఇక వదిలెయ్."

"ఇంతకీ ఎక్కడ చూసింది? ఆఫీసులోనేనా?"

"ఆ, ఆఫీసు కంప్యూ..."

టీ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పేజీని అతను ఇంట్లోనే చూసుకున్నాడు. ఇంట్లో వీడియో చక్కగా ఆడింది. ఆఫీసులో మాత్రం తన ఫైర్‌వాల్ తన వీడియోని ఎందుకు వదులుతుంది?

సంగతి విని అక్క నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. "ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా? రేపు వెళ్లి నోటితో చెప్పు."

శుక్రవారం ఆమెకు తీరిక దొరికేసరికి సాయంత్రమైంది. క్లాసు ఖాళీగా ఉంది. బయట వాన. ఆమె బోర్డు తుడుస్తోంది.

"నిన్న పంపిన పేజీలో మీకేం కనబడింది?" అన్నాడు, గుమ్మంలోంచే.

"మీకో మాట అని ఉంది. కింద ఖాళీ డబ్బా. అచ్చం మీలాగే ఉందని నవ్వుకున్నాను."

"అందులో మాట ఉందండీ." జేబులోంచి ఫోన్ తీయబోయాడు.

"ఫోనెందుకు? మనిషే ఎదురుగా ఉన్నారుగా. చెప్పండి."

డస్టర్ పక్కన పెట్టి, పాఠం అప్పజెప్పించుకునేదానిలా చేతులు కట్టుకుని నిలబడింది.

"మీరంటే నాకు చాలా ఇష్టం. వెళ్లొద్దని ఆ వీడియోలో అడిగాను. అలా అడగడం తప్పు. మంచి పోస్టు, వెళ్లండి. మీకు అభ్యంతరం లేకపోతే నేనే ఆ ఊళ్లో ఉద్యోగం వెతుక్కుంటాను."



"వెళ్తానని మధ్యాహ్నమే చెప్పేశాను. చెప్పొచ్చి, ఇదిగో, ఏడుపు ముఖంతో బోర్డు తుడుస్తున్నాను. ఇప్పటికి పెగిలింది మీ నోరు."

అతనికి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. ఈసారి ఆపుకోలేదు.

"ఎల్లుండి అమ్మా నేనూ అక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం. మీరూ రండి. ఎంత పెద్ద ఇల్లు కావాలో, ఎందుకు కావాలో అమ్మకు మీరే చెప్పాలి. ఆవిడ ముందు నీళ్లు నమిలితే కుదరదు."

కత్తెర ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"బస్సు ఎన్నింటికి?"