పాల వ్యాను మీద నాలుగు గాట్లు

“తప్పు,” అంది కొత్తగా వచ్చిన అమ్మాయి.

గదిలో పదకొండు తలలు అటు తిరిగాయి. గొడుగు ఇంకా ఆమె చంకలోనే ఉంది. దాని కొసనుంచి నీళ్లు నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. సంచిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కూర్చున్న యువకుడు మాత్రం కదల్లేదు. మూడేళ్లుగా ఆ గదిలో అతనితో ఎవరూ ఆ మాట అనలేదు.

పుస్తకాలు బైండింగు చేసే షాపు మేడమీద గది అది. నెలలో మొదటి ఆదివారం పాత బొమ్మ బండ్ల క్లబ్బు అక్కడ కూడుతుంది. యాభై అరవై ఏళ్ల కిందట లోహం కరిగించి అచ్చుపోసిన కార్లు, బస్సులు, వ్యాన్లు, అరచేతిలో పట్టేవి, అవంటే వాళ్లకు ప్రాణం. ప్రతి నెలా ఒక పొడుపు ఉంటుంది. రెండు మూతులున్న నల్ల గుడ్డ సంచిలో ఒక బండి పెడతారు. ఒక మూతిలోంచి చెయ్యి పెట్టి, చూడకుండా, ఇసుక గడియారంలో ఇసుక దిగేలోగా మూడు సంగతులు చెప్పాలి. ఏం బండి, ఎన్నో అచ్చు, ఫ్యాక్టరీ దాటాక అందులో ఏం మార్చారు. జవాబు మీద అభ్యంతరం ఉన్నవాళ్లు రెండో మూతిలోంచి చెయ్యి పెట్టి చూసుకోవచ్చు.

“అంబులెన్సు. రెండో అచ్చు. ఏమీ మార్చలేదు,” అని అతను అప్పటికే చెప్పాడు.

“పెట్టి చూడమ్మా,” అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు, రిటైరైన పోస్టుమాస్టరు.

ఆమె చెయ్యి రెండో మూతిలోంచి లోపలికి వెళ్లింది. లోపల అంబులెన్సు ముందు భాగం అతని వేళ్లలో ఉంది. వెనక భాగం ఆమె వేళ్లలోకి వచ్చింది.

“కాస్త వదుల్తారా? బరువు చూడాలి.”

“బరువా?”

“బండిని వదలమంటున్నానండీ, మీ ఆస్తిని కాదు.”

అతను వదిలాడు. ఆమె రెండు క్షణాలు ఆగింది.

“వెనక తేలిగ్గా ఉంది. చక్రాలు మార్చారు. ముందువి లోహం, వెనకవి ప్లాస్టిక్కు, పైన రంగేశారు.”

పోస్టుమాస్టరు బండిని బయటికి తీశాడు. వెనక చక్రాన్ని గోటితో గీరితే తెల్లటి ప్లాస్టిక్కు బయటపడింది.

“ఏం పని చేస్తావమ్మా నువ్వు?” అడిగాడు పోస్టుమాస్టరు.

“తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్నండీ. షాపుల్లో కాటాలు చూస్తాను. బండ్లు మా నాన్నవి. ఆయనకి మెట్లెక్కడం కష్టమైంది, నన్ను వెళ్లి రమ్మన్నారు.”

“మా పళ్ల డాక్టరు పనైపోయిందివ్వాళ,” అన్నాడు ఒక సభ్యుడు.

“డాక్టర్ని కాదు. కట్టుడు పళ్లు తయారుచేస్తాను,” అన్నాడు యువకుడు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా క్లబ్బులో ఎవరూ వినలేదు.

ఆమె నవ్వింది. “అయితే కరిచినా ఫర్వాలేదన్నమాట.”

ఓడినవాడు కోపం తెచ్చుకోవాలి. అతను మాత్రం ఇంటికి వెళ్లేదాకా ఆ రెండు క్షణాల గురించే ఆలోచించాడు. తను వేళ్లతో అంచులు తడుముతుంటే ఆమె బండిని ఊరికే అరచేతిలో ఉంచుకుంది. తడమలేదు. తొందరపడలేదు. అంత నెమ్మదిగా ఒక వస్తువును పట్టుకున్న మనిషిని అతను చూడలేదు.

మర్నాడు ఆమె ఫోనుకు ఒక ఫోటో పంపాడు. ఒక హెడ్‌లైటు, అంతే. “ఏం బండి?”

పావుగంటకి జవాబు వచ్చింది. “అగ్నిమాపక యంత్రం. నిచ్చెన విరిగింది, అందుకే మీరు ముఖం ఒక్కటే చూపించారు.”

నిచ్చెన నిజంగానే విరిగి ఉంది.

ఆమె మరొకటి పంపింది. “పాలవాళ్ల వ్యాను తలుపు మీద ఏడు సీసాల బొమ్మ ఉంటుంది. ఎనిమిదోది ఎక్కడ?”

అతను రెండు రోజులు వెతికాడు. భూతద్దం కింద ఆ వ్యాను ఫోటోలు పెట్టి చూశాడు. చివరికి దొరికింది. “డ్రైవరు బొమ్మ చేతిలో. తాగేస్తున్నాడు.”

“శభాష్. నాన్న అడిగితే నాకు నెల పట్టింది.”

“మీకు నెలా? ఇన్‌స్పెక్టరు గారికా?”

“అప్పుడు నాకు ఏడేళ్లు లెండి.”

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒకసారి ఆమె తూకం గెలిచేది, ఒకసారి అతని వేలు గెలిచేది. క్లబ్బులో మిగిలిన పదకొండుమంది పోటీ మానేసి ప్రేక్షకులయ్యారు. ఒక ఆదివారం వానకి ఇద్దరూ కింద బైండింగు షాపు చూరు కింద చిక్కుకున్నారు. ఒకే గొడుగు. ఆమె దాన్ని తెరవలేదు.

“తెరవండి, తడుస్తారు,” అన్నాడు అతను.

“తెరిస్తే వెళ్లిపోవాలిగా,” అని ఆమె వాన వైపు చూసింది.

ఇసుక గడియారం లేకపోయినా అతనికి టైమైపోయినట్టు అనిపించింది.

అప్పుడే ఆమె సంచిలోంచి గుడ్డలో చుట్టిన పాల వ్యాను తీసింది. ఒళ్లు లోహం, వెనక సరుకు మీద మాత్రం మెత్తటి ప్లాస్టిక్కు కప్పు, పాలమీగడ రంగు. వెనక ఇరుసు వంగిపోయి చక్రం ఒరిగి ఉంది.

“ఇది నాన్నది. ఇరుసు సరిచేస్తారా? ఇరుసు ఒక్కటే.”

“ఒక్కటే,” అన్నాడు అతను.

కట్టుడు పళ్లు చేసేవాళ్లు ఏ పని ముట్టుకున్నా ముందు అచ్చు తీస్తారు. అతను వ్యానుకీ తీశాడు, పళ్ల అచ్చుకు వాడే తెల్ల గచ్చు పలుచగా పోసి. తర్వాత ఇరుసును కొత్తది వెయ్యకుండా పాతదాన్నే సరిచేశాడు. పని ముగిసింది. అక్కడితో ఆగితే కథ లేదు.

కప్పు అంచున గాట్లు కనిపించాయి. పైన రెండు, కింద రెండు. ఎంత మంచి బండి, ఎవడు పాడుచేశాడో అనుకున్నాడు. అతని దగ్గర పళ్ల రంగులో కలిసిపోయే రెజిన్ అనే ముద్ద ఉంది, పద్దెనిమిది ఛాయల్లో. ఆమె చూసి ఆశ్చర్యపోవాలి. మూడు సాయంత్రాలు కూర్చుని నాలుగు గాట్లూ పూడ్చాడు. పూడ్చినచోటు అతనికే కనపడలేదు.

వ్యాను ఇచ్చిన రోజు ఆమె చూడకముందే జేబు కాటా తీసి దాని మీద పెట్టింది. అది ఆమె అలవాటు.

“ఎనభై నాలుగు పాయింట్ మూడు గ్రాములు ఉండాలి. పాయింట్ ఐదు ఉంది,” అంది. “ఇరుసు మార్చారా?”

“లేదు. పాతదే.”

“మరి రెండు పాయింట్లు ఎక్కడివి?”

అతను నవ్వుతూ కప్పు చూపించాడు. “కనుక్కోండి చూద్దాం.”

ఆమె బొటనవేలు అంచు మీద నడిచింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు. మళ్లీ వెనక్కి. అతను పొగడ్త కోసం ఎదురుచూశాడు.

“అవి నా పళ్లు,” అంది ఆమె.

“ఏంటి?”

“నాకు పదకొండు నెలలప్పుడు మొదటి నాలుగు పళ్లు వచ్చాయి. అమ్మ చేతిలోంచి ఈ వ్యాను లాక్కుని కొరికాను. అమ్మ లేదిప్పుడు. నాన్నకి చూపు ఆనదు. రోజూ సాయంత్రం టీ తాగాక బండ్లన్నీ ఒళ్లో పెట్టించుకుని తడుముకుంటారు. దీని దగ్గరికి రాగానే గాట్లు లెక్కపెడతారు. నాలుగూ ఉన్నాయంటే ఆయనకి రోజు బాగా ముగిసినట్టు.”

కప్పు చూపిస్తున్న వేలు అతను వెనక్కి తీసుకున్నాడు.

“ఇరుసు ఒక్కటే అన్నాను,” అంది ఆమె. గొంతు పెంచలేదు. వ్యాను గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

రోజూ పళ్లతోనే బతికేవాడు పంటిగాటు పోల్చుకోలేకపోయాడు. బండి పాడైందనే చూశాడు, ఎలా పాడైందని అడగలేదు. పన్నెండేళ్లుగా బొమ్మలు పోగేసిన కన్ను అది. ఇంటికి వెళ్లి గచ్చు అచ్చు దీపం కింద పెట్టాడు. పైన రెండు, కింద రెండు. పాలపళ్లు. కింది ఎడమది కొంచెం వంకర. ఒకటో తరగతి పిల్లాడైనా చెప్పేవాడు.

ఫోను చేస్తే ఆమె ఎత్తలేదు. మూడో రోజు ఆమె ఆఫీసుకు వెళ్లాడు. ఆమె బల్ల నిండా ఇత్తడి తూకపు రాళ్లు.

“పబ్లిక్కు టైము నాలుగింటికి,” అంది తలెత్తకుండా.

అతను గచ్చు అచ్చు బల్ల మీద పెట్టాడు. “పని మొదలెట్టే ముందు తీశాను. అలవాటు. మీ పళ్లు నాలుగూ ఇందులో ఉన్నాయి. నేను పెట్టిన రెజిన్ కింద పలుచటి పొర వేశాను, అంటుకోకుండా. ఊడదీయొచ్చు. అచ్చుతో పోల్చుకుంటూ తీస్తాను.”

ఆమె గోరు నాలుగు గాట్ల మీద ఆగి ఆగి నడిచింది. కింది ఎడమ దాని దగ్గర ఎక్కువసేపు ఆగింది.

“నాన్న రోజూ అడుగుతున్నారు. రిపేరులో ఉందని అబద్ధం చెప్తున్నాను. అబద్ధపు తూకం రాసినట్టుంది నాకు.”

“ఒక్క వారం.”

“ఇంకోసారి మీ చేతికి ఇవ్వమంటారా?”

“నమ్మమని అడగను. కాటా మీదే కదా. తూచి ఇవ్వండి, తూచి తీసుకోండి.”

ఆమె సొరుగు తెరిచింది. వ్యాను అక్కడే ఉంది.

“ఒక షరతు. నాన్న చేతిలో మీరే పెట్టాలి. ముందుగా నేనేం చెప్పను. మీ మాట మీరే చెప్పుకోవాలి.”

మూడు గాట్లలో రెజిన్ శుభ్రంగా ఊడివచ్చింది. నాలుగోదాంట్లో ఒక మూల అంటుకుంది. దాన్ని గీరి తీస్తుంటే పనిముట్టు జారి కప్పు మీద సన్నటి గీత పడింది. అతని దగ్గర పద్దెనిమిది ఛాయలున్నాయి. రెజిన్ డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేశాడు.

ఆమె నాన్న నలభై ఏళ్లు లిఫ్టు మెకానిక్కు. కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఆమె కాటా మీద వ్యాను పెట్టింది. ఎనభై నాలుగు పాయింట్ మూడు. ఏమీ అనకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

యువకుడు వ్యానును పెద్దాయన చేతిలో పెట్టాడు. “ముందు నేనొకటి చెప్పాలండీ.”

“ఉండు బాబూ. లెక్కపెట్టనీ.” బొటనవేలు కప్పు అంచున కదిలింది. “ఒకటి, రెండు. మూడు, నాలుగు. ఉన్నాయి.” వేలు ఆగింది. “ఇదేంటి, గీత? ఇది లేదే.”

“నాదండీ.”

గాట్లు పూడ్చింది మొదలు చెయ్యి జారిందాకా అతను చెప్పాడు. ఏదీ దాచలేదు.

“పూడ్చడం వచ్చినవాడివి, ఈ గీత కూడా పూడ్చెయ్యొచ్చుగా,” అన్నాడు పెద్దాయన.

“పూడిస్తే మీకు తెలిసేది కాదండీ. నాకు తెలిసేది.”

పెద్దాయన గీత మీద మళ్లీ వేలు నడిపాడు.

“మా ఆవిడకి నేను కొన్న మొదటి వస్తువిది. పెళ్లికి ముందు. పాలు మోసే వ్యాను ఎందుకూ, కారు దొరకలేదా అంది. ఆవిడ చెయ్యి పడింది, పిల్ల పన్ను పడింది. ఇప్పుడు నువ్వు పడ్డావు.” కూతురున్న వైపు తల తిప్పాడు. “అమ్మలూ, ఇంక ఐదు లెక్కపెట్టాలి కాబోలు.”

“టీ పెడతాను,” అంటూ ఆమె లోపలికి వెళ్లింది. టీ వచ్చేసరికి అరగంట పట్టింది. అందులో చక్కెర వెయ్యడం మరిచిపోయింది.

తర్వాతి ఆదివారం క్లబ్బు సభ్యులు పెద్దాయనను కుర్చీతో సహా మేడమీదికి ఎత్తుకొచ్చారు. “ఇన్నాళ్లూ లిఫ్టులు బాగుచేసింది నేను, నన్నెత్తేది మీరా,” అని ఆయన దారంతా నవ్వాడు. ఇసుక గడియారం చూసే పని ఆయనకే ఇచ్చారు. చూపు లేకపోయినా ఇసుక చప్పుడు వినపడుతుందన్నాడు.

ఆ నెల పొడుపు పెట్టేది ఆమె. నల్ల సంచి బల్ల మీదికి వచ్చింది. రెండో మూతి దగ్గర ఆమె కూర్చుంది.

“కానివ్వండి,” అన్నాడు పోస్టుమాస్టరు.

యువకుడు చెయ్యి లోపలికి పెట్టాడు. చక్రాలు లేవు. ఇరుసు లేదు. అతని వేళ్లకు ఆమె వేళ్లు తగిలాయి, బండ్లను పట్టుకున్నట్టే, ఊరికే తెరిచి ఉంచిన అరచెయ్యి.

అతను తలెత్తాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏం బండయ్యా?” అడిగాడు పోస్టుమాస్టరు.

“చెప్పలేనండీ.”

“ఎన్నో అచ్చు?”

“ఒక్కటే పోశారు.”

“ఏమన్నా మార్చారా?”

“ఏమీ మార్చలేదు. ఎప్పటికీ మార్చను కూడా.”

“తప్పు అంటారా, ఇన్‌స్పెక్టరు గారూ?” అన్నాడు ఒక సభ్యుడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఇసుక దిగే చప్పుడు ఆగింది. పెద్దాయన చెయ్యి చాచి గడియారం తడిమాడు, బోర్లించాడు. ఇసుక మళ్లీ మొదలైంది.

“కంగారేం లేదు బాబూ,” అన్నాడు. “ఇంకా టైముంది.”