ఇంకొక్క ముద్ద

2091 నాటికి విశాఖపట్నం పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళకు బతిమాలే పని తప్పింది. "మరొక్క బూరె" అనేలోపే సగం బంతి విస్తళ్ళ మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు" అనేది. మొహమాటానికి కాదు, నిజంగానే చాలు. వాళ్ళంతా క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళు.

వాళ్ళను బతికించింది డాక్టర్ మృణాళిని కనిపెట్టిన తృప్తికణిక. ఒంట్లో ప్రతి కణానికీ ఎక్కడ ఆగాలో, ఎప్పుడు చావాలో తెలుసు. క్యాన్సర్ కణం ఒక్కటే అది మరిచిపోయి, ఒకటి రెండై, రెండు నాలుగై, పక్కవాటి తిండి కూడా లాక్కుంటుంది. రక్తంలోకి ఎక్కించిన ఈ నానో కణిక దాని లోపలికి దూరి "చాలు" అని గుర్తు చేస్తుంది. కణం బుద్ధిగా చచ్చిపోతుంది.

"మేడమ్, కణిక మెదడుక్కూడా పాకుతోంది," అన్నాడు ఆమె సహచరుడు రహమతుల్లా. "నయమైనవాళ్ళకి ఏదీ అక్కర్లేకుండా పోతోందండీ."

"అత్యాశ తగ్గితే కొంప మునిగిందా ఏం?" అని నవ్వేసింది మృణాళిని.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. తొమ్మిదేళ్ళ కూతురు లహరికి రక్త క్యాన్సర్ వచ్చింది. ఉత్త తిండిపోతు పిల్ల, కథల పిచ్చిది. ఏది పెట్టినా, ఏది చెప్పినా "ఇంకోటి" అనేది. "భయపడకు, చీమ కుట్టినట్టుంటుందంతే," అంటూ తల్లే సూది వేసింది. నెల తిరిగేసరికి జబ్బు ఆనవాలు లేకుండా పోయింది. దాంతోపాటు "ఇంకోటి" కూడా పోయింది.

"కణికని బయటికి లాగేయొచ్చు మేడమ్. కానీ జబ్బు తిరగబెడుతుంది," అన్నాడు రహమతుల్లా తల దించుకుని.

పిల్ల ప్రాణం నిలుపుకోవాలా, పిల్లను పిల్లలా నిలుపుకోవాలా? ఎటూ తేల్చుకోలేక మృణాళినికి ఏడుపొచ్చింది. ఇంటికి వెళ్ళి, ముద్దపప్పులో ఆవకాయ, నెయ్యి కలిపి కూతురి ఎదుట కూర్చుంది. లహరి రెండు ముద్దలు తిని కంచం మీద చేతులు అడ్డం పెట్టింది.

"ఒక్కటి. మా అమ్మవు కదూ!"

"చాలమ్మా."

"పోనీ, కథ చెప్పనా?"

"చాలమ్మా."

"రేపు బీచ్‌కి వెళదామా, బంగారూ?"

"రేపెందుకమ్మా? ఇవాళ్టిదాకా బాగానే ఉందిగా. చాలు."

మృణాళిని ఇంకో ముద్ద కలిపింది. "ఒక్క ముద్దే... ఇంకొక్కటి... ఇంకొక్కటి..." అంటూ కూతురి పెదవులకు అన్నం అదుముతూనే ఉంది.

లహరి ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది. తల్లి ముఖంలోకి జాలిగా చూసింది.

"నీకూ వచ్చిందా అమ్మా, ఆ జబ్బు?" అంది. "భయపడకు. చీమ కుట్టినట్టుంటుందంతే."