పొట్లం మోసిన మేజర్

కర్నల్ స్టెల్టర్ బల్ల మీదుగా ఒక నీలం కవరు తోశాడు. ప్రష్యా సైన్యంలో నీలం కవరుకి ఒకటే అర్థం. ఇంటికి పో.

మేజర్ ఎవాల్డ్ ఫోన్ రిబ్నిట్జ్ దాన్ని ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆయనది.

"మ్యాపులు అమ్ముకున్నావని రాసుంది అందులో," అన్నాడు కర్నల్. "అబద్ధమేలే. కానీ బెర్లిన్ అంతా నమ్మాలి. ఆస్ట్రియాతో యుద్ధం ఇవాళో రేపో. వాళ్ళ గూఢచారుల ముఠా మన రైళ్ళ మీద కన్నేసింది. గెంటేసిన మేజర్ దొరికితే ఎగిరి గంతేసి చేర్చుకుంటారు. పనయ్యాక ఈ కవరు నేనే చింపేస్తా."

"మావాడికి చెప్పొచ్చా సార్?"

కొడుకు యోబ్స్ట్ అదే రెజిమెంటులో కొత్త లెఫ్టినెంటు.

"వాడికే చెప్పకూడదు. కన్నకొడుకు మొహం తిప్పుకుంటేనే వియన్నా వాళ్ళు నమ్ముతారయ్యా!"

చూశారా! పరువు పరువని గొంతు చించుకునే దొరలు, అవసరమొస్తే ముందు ఎవడి పరువు కోస్తారో! నమ్మిన బంటుదే.

యోబ్స్ట్ మొహం తిప్పుకున్నాడు. నడివీధిలో, తోటి ఆఫీసర్ల ముందు, గోడ పక్కనుంచి పోయినట్టు తండ్రి పక్కనుంచి పోయాడు. మూడో రోజుకల్లా ముఠా కబురు పెట్టింది.

కబురు తెచ్చింది వాలెస్కా. నాటకాల్లో పాడే అందగత్తె. వియన్నా జీతం తింటూ బెర్లిన్‌కి రహస్యాలు చేరవేసే మనిషి. మేజర్ అసలు పని ఆమెకి తెలుసు. ఆరు వారాల తర్వాత ఒకనాడు, పార్కు గేటు దగ్గర, వానలో మళ్ళీ కలిసింది.

"గుడారం తడిసింది," అంది. అది సంకేతం. పని రేపే.

"ఎక్కడ?"

"సరిహద్దుకెళ్ళే పన్నెండు గంటల రైలు. గడియారం బాంబు. వంతెన మీద పేలుతుంది. తెచ్చేవాడు మీ యూనిఫాంలోనే వస్తాడు. మొహం నేనూ చూళ్ళేదు."

యోబ్స్ట్ వెళ్ళేది ఆ రైల్లోనే.

"నాకెందుకు చెప్తున్నావు?"

"రెండు చోట్లా తింటున్నాను మేజర్ గారూ. మూడొందలమంది కుర్రాళ్ళ చావు మాత్రం నాకరగదు. ఇదిగో, ఈ గొడుగు పట్టండి."

ఆయన అలవాటుగా ఒకడుగు వెనక్కేశాడు. వాలెస్కా పకపకా నవ్వింది.

"ఉద్యోగం ఊడినా బుద్ధి పోలేదే! గొడుగు పట్టరు, పొట్లం మొయ్యరు. దేశాన్ని మాత్రం మోస్తారట!"

నిజమే. యూనిఫాంలో ఉన్న ప్రష్యా ఆఫీసరు పొట్లం పట్టుకు తిరగడు. దానికి నౌకరుండాలి. భార్య మంచం పట్టినప్పుడు కూడా రిబ్నిట్జ్ మందుల షాపులో సీసా అందుకోలేదు. నౌకరు కోసం ఆగాడు. వాడు ఆలస్యంగా వచ్చాడు.

"రైలు ఆపితే ముఠా జారుకుంటుంది. ముందు వాణ్ణి పట్టు," అని రిబ్నిట్జ్ చీటీకి జవాబుగా కబురంపాడు కర్నల్. రైల్లో ఉన్నది ఆయన కొడుకు కాదు కదా!

స్టేషన్లో బ్యాండు మోగుతోంది. ప్లాట్‌ఫారం నిండా నీలం కోట్లే. నలభైమంది లెఫ్టినెంట్లు. అందరివీ అవే మీసాలు, అవే కత్తులు. ఎవడు? పన్నెండుకి నాలుగు నిమిషాలు. మూడు.

అప్పుడు కనబడ్డాడు. యూనిఫాం చక్కగా ఉంది. బూట్లు మెరుస్తున్నాయి. చంకలో గోధుమరంగు కాయితం పొట్లం.

రిబ్నిట్జ్ మీదపడి లాక్కున్నాడు. కర్నల్ కాపు పెట్టిన పోలీసులు ఆ దొంగ లెఫ్టినెంటుని చేతులు విరిచి పట్టుకున్నారు. ఆ పెనుగులాటలోనే వాడు పొట్లం దారం లాగేశాడు. లోపల గడియారం గిర్రున తిరగడం మొదలెట్టింది.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి, పొట్లం గుండెకి హత్తుకుని మేజర్ పరిగెత్తాడు. కిటికీలోంచి యోబ్స్ట్ చూశాడు.

"ఇప్పుడు దొంగతనం కూడానా!" అన్నాడు.

జవాబు చెప్పే వ్యవధి లేదు. రైలు కదిలింది. మేజర్ బొగ్గు గుంటలోకి పొట్లం విసిరాడు. ఒక్క క్షణం ఆలస్యమైంది. రైలు దక్కింది. కుడిచెయ్యి పోయింది.

జులైలో కర్నల్ ఆస్పత్రికొచ్చి, మంచం మీద కొత్త యూనిఫాం పెట్టాడు.

"నీలం కవరు చింపేశానయ్యా. చెయ్యి లేదు గనక పెన్షనే. యూనిఫాం మాత్రం నీదే."

"మావాడికి నిజం రాశారా సార్?"

కర్నల్ జేబులోంచి తను రాసిన ఉత్తరం తీశాడు. విప్పలేదు దాన్ని ఎవరూ. యుద్ధం జరిగిన బొహీమియా నుంచి తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక పొట్లం. యోబ్స్ట్ గడియారం, చేతితొడుగులు, చొక్కా.

కర్నల్ తలుపు వైపు తిరిగాడు.

"యూనిఫాం వేసుకో. నౌకర్ని పిలుస్తా, పొట్లం బండిదాకా తెస్తాడు."

రిబ్నిట్జ్ తన పాత నల్లకోటు తొడుక్కున్నాడు. పొట్లాన్ని ఎడంచేత్తో గుండెకి పొదువుకున్నాడు.

"వద్దు సార్. అది వేసుకుంటే దీన్ని నన్ను మొయ్యనివ్వరు."