పసుపెక్కిన మడి

తెల్లారకముందే కార్వేటినగరం వెళ్లి యూరియా క్యూలో నిలబడ్డాడు కుప్పయ్య. మామూలుగా అయితే ఆ మనిషి కాఫీ తాగనిదే కాలు కదపడు. వారం రోజులుగా అన్నమే సరిగా తినడం లేదని భార్య వసంతమ్మ పాలు కాస్తూ బెంగపడింది.

కుప్పయ్య బెంగంతా ఇంటి వెనకున్న ఎకరన్నర వరి గురించే. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది అదే. నాటి నెల కావస్తున్నా సరిగా పిలకలు వేయలేదు. ఆకులు కొసల నుంచి పసుపెక్కాయి. యూరియా సగానికి తగ్గించి, గాలిలోని నత్రజనిని పైరుకు అందించే సూక్ష్మజీవుల పొడిని విత్తనాలకు పట్టిద్దామన్నది వాళ్ల కూతురు మహిత. అగ్రికల్చర్ డిప్లొమా చదివిన పిల్ల. ఎంతో బతిమాలితే గానీ తండ్రి ఒప్పుకోలేదు. ఇప్పుడు పక్క మడులన్నీ పచ్చగా ఉంటే, వీళ్ల మడి కామెర్లు వచ్చిన మనిషిలా ఉంది.

పదకొండింటికి కుప్పయ్య మోపెడ్ వాకిట్లో ఆగింది. దాని మీద ఒకే ఒక్క బస్తా.

"ఒకటే ఇచ్చినారు. ఇది యాడికి సాలుతుంది?" అంటూ దాన్ని దబ్బున కింద పడేశాడు.

"నాయనా..." అంటూ మహిత ఎదురొచ్చింది.

"నోరెత్తొద్దు మే! నీ మాట నమ్మి నా మడిని నేనే పాడు జేసుకున్నా. ఊర్లో అందురూ నవ్వతావుండారు. ఈ పంట పోతే ఆడ మామిడి సెట్లు పెట్టేస్తా. నువ్వు కంపెనీ బస్సెక్కి పనికి పో. సేద్యం గురించి ఇంకెప్పుడూ నిన్నడిగేది లే."

మహిత ఏడవలేదు. వసంతమ్మకు అదే ఎక్కువ భయమేసింది.

"తప్పు యాడ జరిగిందో తెలీలేదు నాయనా," అంది ఆ పిల్ల మెల్లగా. "పొడి పాతది కాదు. ఎండలో పెట్టలేదు, మందుల్తో కలపలేదు. ఇంక వేడి తగిల్తే తప్ప ఆ పొడిలో జీవులు సావవు."

వేడి అన్న మాట వినగానే వసంతమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. విత్తనాలకు పొడి పట్టించిన రోజు మహిత జ్వరంతో మంచంలో ఉంది. గంజిలో కలిపి పట్టించమని చెప్పి కళ్లు మూసుకుంది. కుతకుత ఉడుకుతున్న గంజిలో, సంగటికి రాగిపిండి పోసినట్టు పొడి పోసి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గెలికింది వసంతమ్మ. విత్తనాలు ఉడికిపోతాయని బాగా చల్లారాకే వాటికి పట్టించింది. పొడికీ ప్రాణముంటుందని ఆమెకు ఎవరు చెప్పారు గనక!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆమె ఆ పాడు ఆలోచన చేసింది కూడా.

"రేపే కంపెనీకి పోతాలే నాయనా," అంది మహిత.

"యో, బిడ్డనేం అనొద్దు!" వసంతమ్మ అడ్డొచ్చింది. "వాటిని సంపింది నేను. ఉడికే గంజిలో పోసి గెలికినా. మన నోటికాడి కూడు నేనే తీసేసినా."

మహిత తల్లిని వాటేసుకుని అప్పుడు బావురుమంది. "సల్లార్నాక కలపమని నేను సెప్పలేదు మా. తప్పు నాదే."

కుప్పయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"దానికి జరం తగ్గేదాకా ఆగుదామని నువ్వన్నావు వసంతా," అన్నాడు. "ఈపొద్దే మంచి దినమని తొందరపెట్టింది నేను. నాకా సంగతి గుర్తే రాలేదు. బిడ్డ మీద మాత్రం ఎగిరినా."

తువ్వాలుతో మొహం తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు.

"మహితా... ఈ ఒక్క బస్తాతో ఎట్ట గట్టెక్కేది? నువ్వు సెప్పు."

"మడిలో నీళ్లు తీసేసి ఈపొద్దు సగం సల్లుదాం. మిగతాది పైరు పొట్టకొచ్చే ముందర. దక్కుతుందని మాట ఇయ్యలేను నాయనా."

"మాటెందుకు లే," అంటూ కుప్పయ్య బస్తాను భుజానికెత్తుకున్నాడు. "ముందర నువ్వు నడువు మే. గట్టు యాడ తెంచాల్నో సూపించు."