ప్రహరీ దాటిన పూడిక

తాతముత్తాతలు తాగిన ఊట కళ్ళముందే పూడిపోతుంటే, తీయాల్సింది ఎవరండీ?

ఈ మాటే పావని ఇల్లిల్లూ తిరిగి అడిగింది. మార్కాపురం కాలేజీ వాదన పోటీల్లో అవతలివాడి నోరు మూయించి కప్పులు గెలిచే పిల్ల. ఊరు కదలక ఏం చేస్తుంది?

అర్ధవీడు దాటి కొండల్లోకి పోతే ఊట మల్లన్న గుడి. పక్కనే రాతిమెట్ల గుంత, అడుగున పెద్ద బండ, దాని కింద నుంచి ఊట. ఎండాకాలం జీవాలకు ఆ నీళ్ళే దిక్కు. ఈ ఏడు అవి బురద కిందికి పోయినాయి.

"కప్పులు గెలిచిన చేతులు తట్ట మోస్తాయా?" అని గొర్రెలు మేపే శ్రీశైలమ్మత్త ఎగతాళి చేసింది. మోసినాయి.

కట్టుబాటు ఒక్కటే. ఊటలో తీసిన పూడిక గుడి ప్రహరీ దాటకూడదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది, ప్రహరీ ఎక్కడుండేదో. ఏళ్ళ తరబడి ఒక్కో రాయీ ఊళ్ళోకి, చుట్టుపక్కల ఊళ్ళలోకి నడిచింది. ఒకరింట్లో గడపైంది, ఇంకొకరింట్లో బట్టలుతికే బండైంది. ఒకరు చింతచెట్టు దాకా అన్నారు, ఇంకొకరు అంత దూరం లేదన్నారు. పావని వాదించి వాదించి, చింతచెట్టుకు అవతలున్న వాగుగట్టు దాకా గుడి జాగానే అని తేల్చేసింది. కూతురి మాట మీద వాళ్ళ నాయన మాల్యాద్రి పూడికంతా ఆ గట్టునే పోయించినాడు.

పొద్దు వాలింది. జనం ఇళ్ళకు పోయినారు. ఆఖరి తట్ట పోసి వస్తానని మాల్యాద్రి గట్టుకు పోయినాడు. పావని గుడి అరుగు మీద కూర్చుంది. తడిమట్టి వాసన, గబ్బిలాల కంపు. గుంతలో బండ కింద నీళ్ళు బొట్లు బొట్లుగా రాలడం వినిపించింది. ఆ చప్పుడుకు ఆమె కడుపు నిండింది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. కీచురాళ్ళు కూడా...

నాయన రాలేదు.

గట్టుకు పోయి చూసింది. తట్ట బోర్లా పడి ఉంది. పూడిక కుప్ప లేదు. అంత కుప్ప... కింద నేల ఎండి బీటలువారి ఉంది. నాయన అడుగులు అక్కడిదాకా పోయినాయి. తిరిగిరాలేదు.

వెనక నుంచి, గుడి వైపు నుంచి పిలుపు.

"పావనీ... గోడ కనబడిందమ్మా."

నాయన గొంతే. గుంతలోనించి.

పరుగెత్తింది. గుంత మళ్ళీ నిండిపోయి ఉంది. ఎవరూ తట్ట పెట్టనట్టే, పైమెట్టు దాకా బురద. రెండు చేతులా తోడింది. తోడేకొద్దీ ఊరుతోంది.

"నాయనా, యాడున్నావు?"

బదులు వచ్చింది, గుసగుసగా.

"గోడ కడుతున్నారమ్మా. రాళ్ళు చాల్లేదంట. తక్కువైన చోట... నన్ను నిలబడమన్నారు."

తెల్లారి ఊరంతా తవ్వింది. మిషను కూడా తెచ్చినారు. బండ కింద మనిషి పట్టే సందే లేదు. గొంతు మాత్రం పోలేదు. మూడోనాడు శ్రీశైలమ్మత్త తన గడప పెకలించి, ఆ రాయి మోసుకొచ్చి చింతచెట్టు దగ్గర పెట్టింది. ఆ సాయంత్రం బండ కింద నుంచి, "ఒక భుజం కదులుతోంది పావనీ" అని వినిపించింది.

ఇప్పుడు పావని మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతోంది. ఈసారి వాదన లేదు. చేతిలో గునపం ఉంది.

మీ గడపలు చూడండి. పునాదులు చూడండి. గుడి రాయి అనిపిస్తే పెకలించండి, తెచ్చి పెట్టండి. నిన్నటి నుంచి బండ కింద మాల్యాద్రి పక్కన ఇంకెవరో దగ్గుతున్నారు. మా ఊళ్ళో అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. మీ ఇంట్లో ఎవరు లేరో చూసుకుని, పొద్దు వాలకముందే రాయి తీసుకురండి.